డబ్లిన్ ఉగాది కమిటీ గ్రూపు: సంచిక ఫైలు మరీ పెద్దదని ప్రెస్‌వాళ్లు వెనక్కి పంపారు, సోమవారం పొద్దున్న 9 లోపు తేలాలి

సెక్రటరీ, శుక్రవారం 6:10
21వ తేదీ శనివారం ఉగాదికి ఇంకా మిగిలినవి: హాలు తాళాలు, మైకులు, పచ్చడికి వేపపువ్వు, పంచాంగ శ్రవణానికి పంతులుగారి పికప్, పిల్లల డాన్సుల వరుస. ఎవరు ఏది చూస్తారో ఈ రాత్రికి చెప్పేయండి.

సావనీర్ (సంచిక పని చూసేవారు), 7:45
సెక్రటరీ గారూ, లిస్టు కాసేపు పక్కన పెట్టండి. ప్రెస్‌వాళ్ల సైట్ 100 ఎంబీ దాటిన పీడీఎఫ్ తీసుకోదట. మనది 612. సోమవారం 9కి ఎక్కించకపోతే 21కి పుస్తకాలు చేతికి రావు. స్పాన్సర్ల దగ్గర యాడ్లకు డబ్బు తీసుకుని ఉన్నాం, కాబట్టి ‘ఈసారికి పీడీఎఫ్ మెయిల్ చేద్దాం’ అని ఎవరూ అనకండి.

యూత్ టీమ్, 7:52
అన్నా, టైనీపీఎన్‌జీ అని బొమ్మల సైజు తగ్గించే సైట్ ఉంది, అందులో పడేద్దాం. చిటికెలో పని.

సావనీర్, 8:05
లోగోలకు ఓకే. అది రంగుల సంఖ్య తగ్గించి సైజు దించుతుంది, లోగోల్లో ఎలాగూ ఉండేది నాలుగైదు రంగులే. చిక్కంతా ఫోటోలతోనే. ఉచితంగా అయితే ఒక్కోటి 5 ఎంబీ లోపు ఉండాలంటుంది. సంక్రాంతికి కెమెరాతో తీసినవి 8 నుంచి 12 ఉన్నాయి.

కల్చరల్, 8:20
కూచిపూడి పిల్లల ఫోటోలు నేను చేసేశా. సెర్చ్‌లో పైన వచ్చిన ఏదో ఫ్రీ సైట్, లిమిట్ గొడవే లేదు. అన్నీ ఎక్కించాను, జిప్ దిగుతోంది.

పేరెంట్, కూచిపూడి బ్యాచ్, 8:24
ఎక్కించేశారా? ఎవరినడిగి? నేను సంతకం పెట్టింది సంచికలో ఫోటో వేయడానికి. ఎవడిదో తెలియని సర్వర్‌లో మా పాప ఫోటో పెట్టమని ఎవరు చెప్పారు? డబ్లిన్‌లో ఉంటూ జీడీపీఆర్, అదే యూరప్ వ్యక్తిగత డేటా చట్టం, సంగతి నేను చెప్పాలా? పైగా ఫోన్‌లో తీసిన ఒరిజినల్‌లో లొకేషన్ కూడా ఉంటుంది. అంటే మా ఇల్లు.

కల్చరల్, 8:31
వదినా, ఆఫీసు నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా దీని మీదే కూర్చున్నాను. సాయం చేయడానికి ఒక్కరు రారు, అరవడానికి మాత్రం అందరూ ఉంటారు. వచ్చే ఏడాదికి వేరేవాళ్లను చూసుకోండి.

ట్రెజరర్, 8:40
ఇద్దరూ కాస్త ఆగండి. ఫైలు ప్రెస్‌వాళ్లే సరిచేస్తారట, 90 యూరోలు అడుగుతున్నారు. ఖాతాలో ఉన్నది హాలు బ్యాలెన్సుకే చాలదు. నెలవారీ సబ్‌స్క్రిప్షన్ల మాట కూడా ఎత్తకండి, పోయినసారి తీసుకున్నదాన్ని ఆపడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

యూత్ టీమ్, 8:48
ఆంటీ, ఫోటోల సైజు తగ్గించడానికి స్క్వూష్ అనే సైట్ ఉంది, గూగుల్ క్రోమ్ టీమ్‌వాళ్లు చేసింది. కుదింపు మన బ్రౌజర్‌లోనే జరుగుతుంది, ఫోటో కంప్యూటర్ దాటి పోదు. మధ్యలో గీత ఉంటుంది, అటూ ఇటూ జరిపి అసలుదీ తగ్గించిందీ పోల్చుకోవచ్చు. కాకపోతే ఒక్కోటీ విడివిడిగా చేయాలి.

సావనీర్, 9:30
అధ్యక్షులవారి సందేశం పేజీతో స్క్వూష్ చూశాను. పసుపు మీద ఎర్ర అక్షరాలు కదా, జేపెగ్ క్వాలిటీ 75కి దించగానే ఒత్తుల చుట్టూ ఎరుపు అలుక్కుపోయింది. జేపెగ్ వెలుతురు వివరాన్ని ఉంచి రంగు వివరాన్ని ముందు తగ్గిస్తుంది, అక్కడే దెబ్బ. సెట్టింగ్స్‌లో క్రోమా సబ్‌శాంప్లింగ్ (ఆ రంగు వివరం తగ్గించే ఆప్షన్) తీసేస్తే అక్షరాలు నిలబడ్డాయి. అక్షరాలున్న బొమ్మలు పీఎన్‌జీలోనే ఉంచడం ఇంకా మేలు. వెబ్‌పీ అనే ఫార్మాట్‌లో సైజు బాగా తగ్గుతుంది గానీ ప్రెస్‌వాళ్లు వద్దన్నారు.

ఇక అసలు బరువు ఎక్కడుందో చూడండి. ఫోన్ ఫోటో 4032 బై 3024 పిక్సెళ్లు. కూచిపూడి పేజీలో ఒక్కో ఫోటో అచ్చయ్యేది 3 అంగుళాల వెడల్పులో. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 900 పిక్సెళ్లు చాలు. మిగతాదంతా మనం ఊరికే మోస్తున్నాం. కొలతలు తగ్గించకుండా క్వాలిటీ ఎంత నొక్కినా ఫోటో పాడవుతుందే తప్ప 100 లోపు రాదు. కవర్ ఫోటో మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, ఏ4 నిండా రావాలంటే 2480 బై 3508 ఉండాల్సిందే.

యూత్ టీమ్, 9:36
కొలతలు తగ్గించడమే అయితే సైట్లతో పనేంటన్నా? నా ల్యాప్‌టాప్‌లో ఇమేజ్‌మ్యాజిక్ అని బొమ్మలు మార్చే ప్రోగ్రాం ఉంది. ఒక్క కమాండ్‌తో ఫోల్డర్ మొత్తం అయిపోతుంది. నెట్ కూడా అక్కర్లేదు.

ట్రెజరర్, 9:38
డబ్బు?

యూత్ టీమ్, 9:38
ఉచితం అంకుల్.

ట్రెజరర్, 9:39
అయితే అదే బెస్టు.

సావనీర్, 9:41
తమ్ముడూ, అందులో మోగ్రిఫై కమాండ్ వాడితే అది ఒరిజినల్స్ మీదే రాసేస్తుంది. ముందు ఫోల్డర్ కాపీ తీసి ఆ తర్వాతే మొదలుపెట్టు.

కల్చరల్, 9:50
ఆ సైట్‌లో డిలీట్ బటన్ ఉంది, కొట్టేశాను. ‘గంటలో అన్నీ తుడిచేస్తాం’ అని కూడా రాసి ఉంది. స్క్రీన్‌షాట్ పెడుతున్నాను, చూసుకోండి వదినా.

పేరెంట్, 9:58
చూశాను. నువ్వు ముందు అన్నం తిను.

యూత్ టీమ్, శనివారం 11:20
88 ఎంబీకి వచ్చింది! ఒక్కటే తేడా, 14వ పేజీలో ఆరుగురు పిల్లల ఫోటోలు మసకగా ఉన్నాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపినవట, మన దగ్గరికి వచ్చేసరికే అది కుదించేసింది. వాటిని ఇంకా తగ్గించేదీ లేదు, పెంచితే వచ్చేదీ లేదు.

సావనీర్, 11:26
ఆ ఆరుగురి తల్లిదండ్రులూ ఒరిజినల్‌ని డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా కాదు. ఐఫోన్‌వాళ్లు హైక్ (ఐఫోన్ ఫోటో ఫార్మాట్) ఫైలే పంపినా పరవాలేదు, తమ్ముడు మారుస్తాడు.

పేరెంట్, 11:40
ముగ్గురి దగ్గర లేవు, ఫోన్లు మార్చారట. నేను కనుక్కున్నాను.

ఫుడ్ కమిటీ, 11:52
అయితే రేపు 11కి ఆ ముగ్గురికీ డ్రెస్ వేసి మా ఇంటికి తీసుకురండి. హాల్లో తెల్ల గోడ ఉంది, కిటికీ వెలుతురు బాగుంటుంది. కల్చరల్, కెమెరా నీదే. తమ్ముడూ, ల్యాప్‌టాప్ ఇక్కడికే పట్రా, ఫోటో తీసింది తీసినట్టు పేజీలో పెట్టేయొచ్చు. టిఫిన్ ఉప్మా, ముందే చెబుతున్నా.

ట్రెజరర్, 11:55
జీడిపప్పు వేస్తే నేనూ వస్తా.