బుట్ట అడుగున పీట పెట్టి సరుకు నిండుగా చూపించడం నేర్పా, మోసమా?

పాదు_మడి:
పండించినవాళ్లే తెచ్చి అమ్ముకునే సంతలో నాదో చిన్న బల్ల. టమాటా, దోస, వంకాయ, ఆకుకూరలు పెడతాను. పక్క బల్ల ఆవిడ ప్రతి బుట్ట అడుగునా ఒక చెక్కపీటో బోర్లించిన ట్రేనో పెడతారు. దాని మీద గుడ్డ పరిచి రెండే వరసల కాయలు పేరుస్తారు. దూరం నుంచి చూస్తే బుట్ట పొంగిపొర్లుతున్నట్టే ఉంటుంది, నిజానికి అందులో ఉండేది సగం బుట్ట సరుకే. ఈమధ్య కొనడానికి వచ్చినాయన కాయలు ఏరుతుంటే గుడ్డ జరిగి పీట కనబడింది. "ఇదేం మోసమమ్మా" అని అందరి ముందూ గట్టిగా అనేశాడు. పాపం, ఆవిడ మొహం చిన్నబోయింది. అప్పట్నుంచి అమ్మేవాళ్లలోనే రెండు జట్లయ్యాయి.

నాకైతే తప్పు కనబడలేదు. మేం అమ్మేది తూకం లెక్కన, బుట్ట లెక్కన కాదు. అయినా ఆవిడ ఇప్పుడు పీటలు తీసేద్దామా అంటున్నారు. మీరేమంటారు?

తూకం_రాయి:
తీసేయమనే చెప్పండి. పైన పటారం, లోన లొటారం అన్న మాట రైతు బల్ల దగ్గర వినబడకూడదు.

తూకం సరిగ్గా ఉంది కదా అంటున్నారు. కానీ నిండు బుట్టను చూసినవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించండి. సరుకు బాగా దిగింది, ఇప్పుడే కోసుకొచ్చారు, మనం మిగిలినవి ఏరుకోవడం లేదు అనుకుంటారు. ఆ నమ్మకంతోనే ఆగుతారు. పీట పెట్టి ఆ నమ్మకం పుట్టించి, కాటా నిక్కచ్చిగా ఉందనడం నాకు నచ్చదు. సరుకు తగ్గితే చిన్న బుట్టలోకి మార్చండి. అదీ నిండుగానే కనిపిస్తుంది, దాచాల్సిందేమీ ఉండదు. నేను పెద్దది, మధ్యది, చిన్నది ఒకదాంట్లో ఒకటి పట్టేలా తీసుకెళ్తాను. పొద్దెక్కేకొద్దీ దించుకుంటూ పోతాను.

గట్టు_చెట్టు:
తూకం_రాయి గారూ, బుట్టలు మార్చడం మంచి పద్ధతే, కాదనను. కానీ లోతు బుట్ట నిండా పోస్తేనే నిజాయితీ అన్నట్టుంది మీ మాట. దానితోనే నాకు పేచీ.

లోతు బుట్ట సరుకు మోసుకురావడానికి పనికొస్తుంది, చూపించడానికి కాదు. పండిన టమాటా ఐదారు వరసలు పోసి, సాయంత్రం అడుగు వరస చేతిలోకి తీసుకుని చూడండి. తొడిమతో ఉన్న కాయ ఒక్కటి చాలు, దాని కాడ పక్క కాయలో దిగుతుంది. అప్పటికి తోలు మీద సన్నటి గీత, చుట్టూ గోరంత మెత్తదనం, అంతే కనిపిస్తుంది. అమ్మినవాళ్లకూ తెలియదు, కొన్నవాళ్లకూ తెలియదు. మర్నాటికి అక్కడే నీరు కారి బూజు మొదలవుతుంది. అప్పటికి అది వాళ్ల వంటింట్లో ఉంటుంది.

ఇక వేడి సంగతి. కోసిన తర్వాత కూడా కాయ, ఆకు ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి, దాంతో వేడి పుడుతుంది. చుట్టూ వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఆ వేగం దాదాపు రెండు మూడు రెట్లవుతుంది. లోతుగా పోసిన రాశి నడుమ గాలాడదు. ఆకుకూర కట్టలు కుప్పగా పోసినచోట మధ్యలోకి చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది, పసుపు తిరిగేదీ అక్కడే.

పైగా ముందొచ్చినవాళ్లు పైవి ఏరుకుపోతారు. మనం మళ్లీ పైనే కొత్తవి పోస్తాం. అడుగువి అడుగునే ఉండిపోయి చివరికి ఎవరికో అంటగడతాం. రెండు వరసల బుట్టలో ఆ బాధ లేదు, ప్రతి కాయా కంటికి ఆనుతుంది. నన్నడిగితే నలిగిన సరుకు దాచే బుట్ట లోతుదే, పీట ఉన్నది కాదు.

ఎర్రమన్ను:
ఇద్దరూ పీట దగ్గరే ఆగిపోయారు. అసలు మోసం తలపైన ఉంటుంది. ఎర్ర టార్పాలిన్ కింద టమాటా ఎప్పుడైనా చూశారా? దోరకాయ కూడా మిగల పండినట్టు కనిపిస్తుంది. నీలం టార్పాలిన్ కింద అదే కాయ చచ్చిన రంగులో ఉంటుంది, పాపం ఆ రైతు సరుకు మంచిదైనా ఎవరూ ఆగరు. తెల్ల పరదా ఒక్కటే ఉన్న రంగును ఉన్నట్టు చూపిస్తుంది. బల్ల సర్దడానికి గంట ముందే వెళ్లేవాళ్లు కూడా పందిరి గుడ్డ రంగు చూసుకోరు, అదే నా దిగులు.

రంగులు పక్కపక్కన పేర్చడం వేరు. అద్దకం రంగుల మీద పనిచేసిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్ 1839లోనే దీన్ని వివరించాడు. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని, ఎరుపు, ఆకుపచ్చ చేరితే రెండూ మరింత నిండుగా కనిపిస్తాయని. అందుకే టమాటా బుట్టల మధ్య కొత్తిమీర కట్టలు పెడితే బల్లకే కళ వస్తుంది. అది తప్పు కాదు, ఎందుకంటే రెండు సరుకులూ ఉన్నవి ఉన్నట్టే కళ్లముందున్నాయి. సంచిలో వేసుకుని ఎండలోకి వెళ్లాక కాయ రంగు మారిపోతే అది మోసం. పీట వల్ల కాయ మారదు కాబట్టి నా ఓటు పీటకే.

వేకువ_పొలం:
ఎర్రమన్ను గారూ, టమాటాల పక్కన ఆకుకూరలు పెడితే, పండే కాయలు వదిలే ఇథిలీన్ వాయువుకి పసుపు తిరుగుతాయంటారు కదండీ?

ఎర్రమన్ను:
మూసిన పెట్టెలో, గదిలో రాత్రంతా కలిపి ఉంచితే ఆ భయం నిజమే. దోసకాయలకూ అంతే. గాలాడే బల్ల మీద కొన్ని గంటలకు ఏమీ కాదు. బల్ల మీద ఆకుకూరకు ఎండే అసలు శత్రువు. పొద్దున నీడలో పెట్టిన మూల పది దాటేసరికి ఎండలో పడుతుంది. పేర్చేముందే నీడ ఎటు జరుగుతుందో చూసుకోండి.

తూకం_రాయి:
గట్టు_చెట్టు గారూ, అడుగు వరస నలుగుతుందన్నది నిజం. ఆ మాటకు ఎదురు చెప్పను. కానీ దానికి మందు తక్కువ లోతు ట్రే, పీట కాదు.

నీళ్ల సంగతి కూడా తేల్చాలి. ఆకుకూర మీద నీళ్లు చిలకరిస్తే వాడదు, అవసరమే. అవే నీళ్లు కారుతుండగా కాటా మీద పెడితే నీళ్లకు డబ్బు తీసుకున్నట్టే. దులిపి తూచండి, లేదా కట్ట లెక్కన అమ్మండి. ఉల్లి, వెల్లుల్లి, పుట్టగొడుగుల మీద మాత్రం చుక్క పడనివ్వకండి. మెరుపు సంగతటుంచి కుళ్లు పట్టుకుంటుంది.

కొత్త_చాళ్లు:
నిండుగా ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ, ఎన్ని రకాలు పెట్టాలన్నది కూడా చూడాలి. 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఉంది. దుకాణంలో 24 రకాల జామ్ పెట్టినప్పుడు దారినపోయేవాళ్లలో 60 శాతం ఆగారు, 6 రకాలే పెట్టినప్పుడు 40 శాతం. ఆగినవాళ్లలో కొన్నది మాత్రం 24 రకాల దగ్గర 3 శాతం, 6 రకాల దగ్గర 30 శాతం! తక్కువ రకాలు, పొందిగ్గా పెట్టండి. పీటల గొడవే ఉండదు.

గట్టు_చెట్టు:
ఆ ప్రయోగం ఒక్కదాని మీద బల్ల సర్దుకోకండి. అలాంటివే 50 ప్రయోగాలను కలిపి చూసిన పరిశీలన 2010లో వచ్చింది. సగటున తేడా దాదాపు సున్నా అని తేలింది. జామ్ సీసాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, తేల్చుకోవడం కష్టం. వంకాయకూ పాలకూరకూ మధ్య ఎవరూ తికమకపడరు. నేను చూసినంతలో మనుషుల్ని బల్ల దగ్గర తటపటాయించేలా చేసేది ధర కనబడకపోవడం. అడిగితే కొనాల్సి వస్తుందేమోనని అడక్కుండానే వెళ్లిపోతారు. ప్రతి బుట్టకూ పేరు, ధర పెద్ద అక్షరాలతో రాసిన అట్ట గుచ్చండి.

పాదు_మడి:
అందరికీ దండాలు. ఇవన్నీ ఆవిడకు చదివి వినిపించాను. లోతు బుట్టలు సరుకు తేవడానికే వాడి, బల్ల మీదకు తక్కువ లోతు ట్రేలు తెస్తానన్నారు. ట్రే వెనక వైపు ఎత్తుగా ఉండేలా కింద చెక్క పెడితే ముందుకు వాలి, కొనేవాళ్లకు వెనక వరస కూడా కనిపిస్తుందట. మిగతా సరుకు క్రేట్లలో బల్ల వెనకే, అందరికీ కనబడేలా, నీడలో పెడతారు.

తూకం_రాయి గారూ, ఇక్కడా అడుగున చెక్కే ఉంది. దీనికీ వద్దంటారా?

తూకం_రాయి:
వెనక ఎత్తు పెట్టిన చెక్క పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది. అది బల్ల సదుపాయం, నాకేం అభ్యంతరం లేదు. నా పేచీ అంతా గుడ్డతోనే. పీట మీద గుడ్డ కప్పింది అది కనబడకూడదనే కదా?

పాదు_మడి:
కాదండీ, చెక్క అంచులకు టమాటా తోలు గీసుకుపోతుందని కప్పారు. పోనీ, గుడ్డ పీట మీద మాత్రమే పరిచి, అంచులు కిందికి వేలాడకుండా, బుట్ట సందుల్లోంచి పీట కాళ్లు కనబడేలా ఉంచితే ఒప్పుకుంటారా?

తూకం_రాయి:
అలాగైతే ఒప్పుకుంటాను. సందుల్లేని, పక్కలు మూసిన బుట్టలో మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను.