ఎలిఫెంట్ హాక్ మాత్ గొంగళిపురుగు: చలికాలం దాటించడం ఎలా?

అందరికీ నమస్కారం. మేం లండన్‌లో హారో వైపు ఉంటాం. ఆగస్టు చివరికొచ్చేసరికి మా పెరట్లో బడ్లియా పూల మీద రెడ్ అడ్మిరల్ సీతాకోకచిలుకలు, గోడ మీద నలుపు, మీగడ రంగు చారల జెర్సీ టైగర్ చిమ్మటలు బాగానే కనిపిస్తున్నాయి. జెర్సీ టైగర్ ఎగిరేటప్పుడు వెనక రెక్కల ఎరుపు చూసి తీరాల్సిందే! నా ప్రశ్న మాత్రం వేరే.

ఫ్యూషియా అనే పూలమొక్క కుండీలో వేలంత పొడవున్న గోధుమరంగు గొంగళిపురుగు కనబడింది. తోక దగ్గర చిన్న కొమ్ము, తల వెనక కళ్లలాంటి మచ్చలు. ఆకు కదిలితే చాలు, తల లోపలికి లాక్కుని ఆ మచ్చలున్న చోట పాము పడగలా ఉబ్బిస్తుంది. ఇది ఎలిఫెంట్ హాక్ మాత్ అనే చిమ్మట గొంగళిపురుగే అనడంలో నాకు సందేహం లేదు.

నిన్నటి నుంచి ఆకులు తినడం మానేసి కిందికి దిగి పాకుతోంది. ప్యూపాగా (చిమ్మటగా మారే ముందు కదలకుండా ఉండే దశ) మారడానికి చోటు వెతుక్కుంటున్నట్టుంది. మా పెరడంతా రాతి పలకలే, ఆ పక్కనే కార్లు తిరిగే దారి. అందుకే టెన్షన్.

వదులు మట్టి, ఎండుటాకులు వేసిన డబ్బాలో పెట్టొచ్చా? లేక పార్కులో విల్లోహెర్బ్ (ఈ పురుగు తినే అడవి మొక్క) మొక్కల కింద వదిలేయడమే మంచిదా? ఇంట్లో ఉంచితే హీటర్ వేడికి మే నెల దాకా ఆగకుండా చలికాలంలోనే చిమ్మటగా బయటికొచ్చేస్తుందేమోనని భయం. షెడ్‌లో పెడితే మట్టికి తడి ఎంత ఉండాలి, బూజు పట్టకుండా ఏం చేయాలి? ఇంతకుముందు పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త త్వరగా చెప్పండి, ప్లీజ్.