మా ఊరి నుంచి ప్రపంచ యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పేర్లు రాయి మీద చెక్కించాలనుకుంటున్నాం, ఎక్కడ వెతకాలి?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది తాడేపల్లిగూడెం దగ్గర చిన్న పల్లె. రెండో ప్రపంచ యుద్ధానికి మా ముత్తాత, ఆయన తమ్ముడు ఇద్దరూ వెళ్ళారు. ముత్తాత తిరిగొచ్చారు, చిన్నాయన రాలేదు. ఎక్కడ పోయారని అడిగితే మా నాయనమ్మ "రంగూన్ అవతల" అనేది, అంతకుమించి ఇంట్లో ఎవరికీ తెలియదు. చనిపోయిన రోజు తెలియదు కాబట్టి ఇప్పటికీ మహాలయ అమావాస్య నాడే ఆయనకి పెడతాం.

ఊళ్ళో కుర్రాళ్ళం కలిసి చెరువు గట్టు దగ్గర ఒక రాయి నిలబెట్టి అప్పట్లో వెళ్ళినవాళ్ళందరి పేర్లూ చెక్కిద్దామని అనుకున్నాం. ఇల్లిల్లూ తిరిగితే పదిహేడు పేర్లు దొరికాయి, ఇంకా ఉన్నారని పెద్దవాళ్ళు అంటున్నారు. మిగతా పేర్లు ఎలా పట్టుకోవాలి? ఇంకో సంగతి, ఈ పదిహేడు మందిలో ముగ్గురు తుపాకీ పట్టినవాళ్ళు కాదు, ఒకరు వంటకి, ఇద్దరు కంచరగాడిదలు తోలడానికి వెళ్ళారట. వాళ్ళ పేర్లు రాయొచ్చా? పైగా ఊళ్ళో ఒక పెద్దాయన "తెల్లవాడి యుద్ధానికి వెళ్ళినోళ్ళకి మనం రాయెందుకు" అన్నారు. ఆయన తండ్రి క్విట్ ఇండియాలో జైలుకెళ్ళిన మనిషి, ఆయన్ని తప్పు పట్టలేకపోతున్నాను.

మాధవరం అల్లుడు:
తమ్ముడూ, మా అత్తారిది మీ పక్కనే, మిలిటరీ మాధవరం. మొదటి యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది, రెండో దానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారని చెబుతారు. ఇప్పటికీ ఇంటికొకరైనా ఆర్మీలో ఉంటారు. ఊళ్ళో స్థూపం కూడా ఉంది. ఒక ఆదివారం వచ్చి అక్కడి మాజీ సైనికులతో కూర్చోండి, మీ ఊరివాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళ పిల్లలు తగలొచ్చు. ఒక్క మాట, రాయి మీద ఉత్త పేరు చెక్కించకండి. ఇంటిపేరు, తండ్రి పేరు కూడా వేయండి. మన ఊళ్ళలో ఒకే వీధిలో నలుగురు సత్యనారాయణలు ఉంటారు, ఇంకో ముప్పై ఏళ్ళకి ఎవరు ఎవరో చెప్పేవాళ్ళు ఉండరు.

పాత కాగితాలు:
చనిపోయినవాళ్ళ పేర్లకైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ చూడండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. రెండో యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సర్వీసులో పోయినవాళ్ళు అందులో ఉంటారు. నంబరు, ర్యాంకు, దళం, చనిపోయిన తేదీ ఉంటాయి, చాలామందికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడా రాశారు. బర్మాలో పోయి, సమాధి తెలియని వాళ్ళ పేర్లు యాంగోన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద ఉన్నాయి, దాదాపు 27,000 పేర్లు. దహనం చేసినవాళ్ళకి ఇంఫాల్‌లో వేరే స్మారకం ఉంది, అందులో 868 మంది.

వెతకడంలో కష్టమంతా స్పెల్లింగులతోనే. ఇంటిపేరు అసలు లేకపోవచ్చు, ఉన్నా ఒక్క అక్షరమే ఉండొచ్చు. కాబట్టి పేరుతో మొదలుపెట్టకుండా ఊరి పేరుతోనో జిల్లా పేరుతోనో పట్టుకోండి. మీ పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిందే 1925లో, అంతకుముందు మీ వైపంతా కృష్ణా జిల్లా, తెల్లవాళ్ళు "కిస్ట్నా" అని రాసేవాళ్ళు. మొదటి యుద్ధం వాళ్ళని వెతికేటప్పుడు అలా రాసి చూడండి. ఏలూరుని "ఎల్లోర్", కాకినాడని "కొకనాడ" అని కూడా.

తిరిగొచ్చినవాళ్ళ సంగతి వేరు. ఇంట్లో పతకం ఉంటే అంచు మీద, నక్షత్రం ఆకారంలో ఉంటే వెనకవైపు, భూతద్దంతో చూడండి, మన వాళ్ళకిచ్చిన వాటి మీద చాలావరకు నంబరు, పేరు, దళం కొట్టి ఉంటాయి. ఆ నంబరు పట్టుకుని ఆ దళం రికార్డ్స్ ఆఫీసుకి రాయొచ్చు, మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజినీరింగ్ పనులు చేసే దళం) అయితే బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్. ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఉత్తరం ఎలా రాయాలో చెప్తారు.

సిక్కోలు చిన్నది:
వంటాయన, గాడిదలు తోలినవాళ్ళు... వీళ్ళ పేర్లు రాయొచ్చా అని అడగడమే నాకు బాధగా ఉంది. మీరు తప్పుగా అడిగారని కాదు, మనకి అలా నేర్పారు. మొదటి యుద్ధంలో కూలి దళాల్లో పనిచేసిన వాళ్ళకి వెండి పతకం ఇవ్వకుండా కంచుది ఇచ్చారు. బస్రాలో కట్టిన స్మారకం మీద తెల్ల సిపాయి పేరు ఉంటుంది, మన సిపాయిలకి మాత్రం దళం పేరు కింద ఇంతమంది అని అంకె చెక్కారు. వాళ్ళు చేసిన ఆ పని చెరువు గట్టు మీద మనం మళ్ళీ చేయొద్దు.

మా ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ రేవుల్లో, మిల్లుల్లో పనికి ఎంతమంది వెళ్ళారో మీకు తెలుసు కదా. 1942లో జపాన్ వాళ్ళు వస్తుంటే అడవుల్లో పడి నడిచి వచ్చారు, దారిలో కలరాకీ ఆకలికీ పోయినవాళ్ళకి ఏ రిజిస్టరూ లేదు. మా తాతమ్మ చెల్లెలు అలాగే పోయింది.

పెద్దాయన అన్నదానికి నాకు తోచింది చెప్తాను. ఆ యుద్ధంలోకి మనల్ని దించేటప్పుడు వైస్రాయ్ మన నాయకుల్ని ఒక్క మాట అడగలేదు, అందుకే మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1939లో రాజీనామా చేసింది. ఆయన కోపం న్యాయమే. కానీ వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది జీతం కోసం, ఇంట్లో అన్నం కోసం వెళ్ళారు. సింగపూర్‌లో పట్టుబడి తర్వాత నేతాజీ సైన్యంలో చేరినవాళ్ళూ వాళ్ళలోనే ఉన్నారు. ఆ పెద్దాయన తండ్రి పేరు కూడా అదే రాయి మీద వేయండి, ఆయనది వేరే పోరాటమని పక్కన రాసి. ఆయన్నే పిలిచి రాయి నిలబెట్టించండి.

గోదారి గట్టు:
అందరికీ చాలా థాంక్సండి. చెల్లీ, వంటాయన పేరు ముందు వరసలోనే వేస్తాం. పెద్దాయన ఇంటికి నిన్న వెళ్ళాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత వాళ్ళ నాన్నగారి జైలు కాగితం తెచ్చి చూపించారు. ఇంకా సరేననలేదు, కాదనీ అనలేదు.

కాగితాలన్నా, మీరు చెప్పినట్టే ఊరి పేరుతో వెతికాను. మూడో స్పెల్లింగుకి దొరికారు. చిన్నాయన పేరు తప్పుగానే ఉంది కానీ తండ్రి పేరు సరిగ్గా ఉంది, భార్య పేరు ఉంది, ఆవిడ మా ఇంట్లోనే ఉండి ముసలితనంలో పోయింది. రంగూన్ మెమోరియల్ అని రాసి ఉంది. తేదీ 1944 మే 19. నాన్నకి చదివి వినిపిస్తే లేచి వెళ్ళి దేవుడి గదిలో కూర్చున్నారు.

ఇన్నేళ్ళూ అమావాస్యకి పెడుతున్నాం, వచ్చే ఏడు నుంచి ఆ తిథికే పెట్టాలంటున్నారు నాన్న. తారణ నామ సంవత్సరం పంచాంగం ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఆ రోజు తిథి చూసి చెప్పగలరా?