వార్ఫరిన్ వేసుకుంటున్న అమ్మకి ఆకుకూరలు మళ్లీ పెట్టొచ్చా?

చిన్నకూతురు:

అందరికీ నమస్కారం. మా అమ్మకి 61 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం గుండెలో మైట్రల్ వాల్వ్ తీసేసి మెటల్ వాల్వ్ పెట్టారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం, రక్తం గడ్డకట్టకుండా, వార్ఫరిన్ 4 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని డాక్టర్ గారు చెప్పారు (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే టెస్ట్ అది, అంకె ఎక్కువైతే రక్తం కారే ప్రమాదం). 2.8, 3.1, 2.9 అంటూ బాగానే వస్తూ ఉండేది.

రెండు నెలల క్రితం మా బంధువు ఒకావిడ "గుండె మందులు వాడేవాళ్లు తినకూడనివి" అని ఒక పట్టిక ఫోన్‌కి పంపారు. అందులో మొదటి పేరే ఆకుకూరలు. వారానికి నాలుగైదు సార్లు పాలకూర తినే మనిషి ఆ రోజు నుంచి ముట్టుకోలేదు. క్యాబేజీ కూడా మానేసింది. మూడో వారంలో పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చిందట, నాకు చెప్పలేదు. తర్వాత బల్ల అంచు తగిలి తొడ మీద అరచెయ్యంత మేర నల్లగా కమిలింది. అది చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పటికప్పుడు టెస్ట్ చేయిస్తే ఐఎన్‌ఆర్ 6.2 వచ్చింది.

డాక్టర్ గారు రెండు రోజులు మందు ఆపించి, మళ్లీ 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టించారు. నిన్నటి రిపోర్ట్ 2.9. ఆ కంగారులో ఆకుకూరలు మానేసిన సంగతి ఆయనకి చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడు అమ్మ "అన్నీ సర్దుకున్నాయిగా, కాస్త పాలకూర వండుకోనా" అని అడుగుతోంది. పెట్టొచ్చా?

వేరే మందులు: ఉదయం లేవగానే థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములు, ఆ వెంటనే కాఫీ. టిఫిన్ తర్వాత బీపీకి టెల్మిసార్టాన్ 40. బీపీ ఉంది కదా అని నెల నుంచి మామూలు ఉప్పు మానేసి సోడియం తక్కువ ఉండే ఉప్పు వాడుతున్నాం.

రాత్రిపూట:

రిస్క్ ఎందుకమ్మా, ఆకుకూరలు పూర్తిగా వదిలేయండి. అవి రక్తాన్ని చిక్కబరుస్తాయి. మా నాన్నగారి చేత కూడా అలాగే మాన్పించాం.

మందులకౌంటర్:

ఫార్మసిస్టుగా 19 ఏళ్ల నుంచి మందులు ఇస్తున్నాను. చిన్నకూతురు గారూ, ఈ రోజు మాత్రం పాలకూర వండకండి. డాక్టర్ గారికి ఫోన్ చేశాకే మొదలుపెట్టండి. ఎందుకో చెప్తాను.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాల్లో కొన్నింటిని లివర్ తయారు చేయాలంటే విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్ కె‌ని శరీరం మళ్లీ పనికొచ్చేలా చేసుకుంటుంది. వార్ఫరిన్ అడ్డుకునేది ఆ పనినే. అంటే ఈ మందు డోస్ మనిషి తినే తిండితో కలిపి కుదురుతుంది. అమ్మగారికి 4 మిల్లీగ్రాములు సరిపోయింది పాలకూర తింటున్న రోజుల్లో. వండిన పాలకూర అర కప్పులో 400 మైక్రోగ్రాములకు పైగా విటమిన్ కె ఉంటుంది. ఆడవాళ్లకి రోజుకి 90 ఉంటే చాలు. అంత వచ్చేది ఒక్కసారిగా ఆగిపోయింది, డోస్ మాత్రం అదే. అందుకే 6.2కి ఎక్కి ఉంటుంది.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. 3 మిల్లీగ్రాములు కుదిరింది ఆకుకూర లేని తిండికి. దాని మీద మునుపటిలా పాలకూర పెడితే ఐఎన్‌ఆర్ 2 కంటే కిందికి పడిపోవచ్చు. మెటల్ వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం అప్పుడే. నాకు 6.2 కంటే దీని గురించే ఎక్కువ భయంగా ఉంది. ఎందుకంటే రక్తం కారితే చాలాసార్లు కంటికి కనిపిస్తుంది. వాల్వ్ మీద గడ్డ ఏర్పడుతుంటే కనిపించేది ఏమీ ఉండదు.

రాత్రిపూట గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ మానేయడం కాదండీ కావలసింది, ఎప్పుడూ ఒకే మోతాదులో తినడం. అసలు ఆకుకూరలు తినని మనిషికి ఒక విందులో రెండు గరిటెలు పడినా ఐఎన్‌ఆర్ ఊగిపోతుంది. మీ నాన్నగారు చాలాకాలంగా మానేసి, ఐఎన్‌ఆర్ నిలకడగా ఉంటే మీ అంతట మీరు ఏదీ మార్చకండి, మళ్లీ మొదలుపెట్టాలంటే డాక్టర్‌ని అడగండి.

చిన్నకూతురు గారూ, మీరు చివర్లో రాసిన మూడు వాక్యాలు నన్ను ఇంకా కూర్చోబెట్టాయి.

ఆ ఉప్పు ప్యాకెట్ వెనక చదవండి. పొటాషియం క్లోరైడ్ అని ఉందా? సోడియం తగ్గించడానికి చాలావాటిలో దాన్నే కలుపుతారు. టెల్మిసార్టాన్ పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచే మందు. రెండూ కలిస్తే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. బాగా పెరిగితే గుండె కొట్టుకునే తీరే దెబ్బతింటుంది. కిడ్నీలు కాస్త నెమ్మదించినవాళ్లకి ఇంకా ప్రమాదం. ఈ పూటకే ఆ ఉప్పు పక్కన పెట్టి, మామూలు ఉప్పు తక్కువగా వేయండి. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) టెస్ట్‌లు అడగండి.

థైరాయిడ్ మాత్రకి నీళ్లు తప్ప ఇంకేమీ తోడు ఉండకూడదు. కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం. అయితే ఇందులో చాలామందికి తెలియని మెలిక ఉంది. ఇన్నాళ్లూ కాఫీ వల్ల సగం సగం ఒంటబట్టిన మాత్ర ఇప్పుడు సరిగ్గా పడితే వార్ఫరిన్ ప్రభావం కూడా పెరుగుతుంది. కాబట్టి మంచి మార్పు చేస్తున్నా సరే, అది కూడా డాక్టర్‌కి చెప్పి, ఐఎన్‌ఆర్ దగ్గర దగ్గరగా చూపించుకోవాలి. పాలకూర, కాఫీ, రెండూ ఒకే వారంలో మార్చకండి. ఏది దేనివల్ల జరిగిందో ఎవరికీ అర్థం కాదు.

తలకి దెబ్బ తగిలినా, మలం నల్లగా వచ్చినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు బలహీనమైనా, ఎప్పుడూ వినిపించే వాల్వ్ టిక్ టిక్ శబ్దం మందగించినా రిపోర్ట్ కోసం చూడొద్దు. నేరుగా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

మూడోఅంతస్తు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ రాశారు. రోజూ పొద్దున్న గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్ తాగుతాను. మాత్ర వేసుకునేది రాత్రి కాబట్టి ఇబ్బంది లేదు కదా?

మందులకౌంటర్:

ఉందండీ. పొద్దున్న తాగినా ఉంది. సిమ్వాస్టాటిన్‌లో చాలా భాగాన్ని పేగు గోడలోని ఒక ఎంజైమ్ లోపలికి పోకముందే విరగ్గొడుతుంది. గ్రేప్‌ఫ్రూట్ ఆ ఎంజైమ్‌నే పాడుచేస్తుంది, శరీరం కొత్తది తయారుచేసుకోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఈలోగా వేసుకున్న ఒక్క మాత్ర కొన్ని మాత్రలంత పని చేయొచ్చు. ఈ సంగతి బయటపడింది కూడా అనుకోకుండానే. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద ఆల్కహాల్ ప్రభావం చూస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకుండా ఈ జ్యూస్ కలిపింది. రక్తంలో మందు అంచనాకి మించి కనిపించింది. 1989లో ఆ ఫలితం అచ్చయింది.

జ్యూస్ ఆపేయండి. తొడలు, పిక్కలు కారణం లేకుండా నొప్పిగా ఉన్నా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఈ రోజే డాక్టర్‌ని కలవండి. జ్యూస్ వదులుకోలేనంటే ఆయన్నే అడగండి, రోసువాస్టాటిన్, ప్రవాస్టాటిన్‌లకి దీనితో ఇంత పేచీ లేదు.

చిన్నకూతురు:

ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంది, పొటాషియం క్లోరైడ్. డాక్టర్ గారికి అన్నీ చెప్పాను. పొటాషియం 5.3 వచ్చింది, 5 దాటకూడదట. ఆ ఉప్పు మానేశాం, వారం తర్వాత మళ్లీ టెస్ట్. పాలకూర రోజు విడిచి రోజు అర కప్పు చొప్పున మొదలుపెట్టమన్నారు, ఐదో రోజు ఐఎన్‌ఆర్, దాన్నిబట్టి డోస్ మారుస్తారు. కాఫీ విషయం అది కుదిరాక చూద్దామన్నారు.

అమ్మ కొలత కప్పు ఒకటి విడిగా పెట్టుకుంది. క్యాలెండర్‌లో పాలకూర తిన్న రోజు పచ్చ చుక్క, టెస్ట్ రోజు ఎర్ర చుక్క పెడుతోంది. ఆ పట్టిక పంపినావిడకి కూడా ఫోన్ చేసి, ఇంకెవరికీ పంపొద్దని చెప్పాను.