కొత్తగా పెట్టిన ప్రోగ్రామ్‌లు రన్ కావట్లేదు: ఫైల్ కళ్ల ముందే ఉన్నా లేదంటోంది

ప్రశ్న

డెబియన్ 11 లినక్స్, 64-బిట్, షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) బ్యాష్. రెండు ప్రోగ్రామ్‌లతో ఇబ్బంది.

మొదటిది సోర్స్ నుంచి కంపైల్ చేసిన ఒక చిన్న సర్వర్. ‘మేక్ ఇన్‌స్టాల్’ ఏ ఎర్రర్ లేకుండా పూర్తయింది. పేరు కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’. ఫైల్ /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్‌లో ఉంది. పూర్తి పాత్ (ఫైల్ చిరునామా) ఇచ్చి నడిపితే దాని సొంత షేర్డ్ లైబ్రరీయే (నడిచేటప్పుడు వాడుకునే విడి కోడ్ ఫైల్) దొరకలేదంటోంది. ఆ లైబ్రరీ /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో ఉంది.

రెండోది టార్ ఫైల్‌లో వచ్చిన రెడీమేడ్ బైనరీ (ముందే కంపైల్ చేసిన ప్రోగ్రామ్). ముందు ./ పెట్టి నడిపితే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. ఎల్‌ఎస్ కొడితే అక్కడే ఉంది! సీహెచ్‌మోడ్ 777తో అన్ని పర్మిషన్లూ ఇచ్చినా, రూట్‌గా (సిస్టమ్ అడ్మిన్‌గా) నడిపినా అదే మాట.

జవాబు 1

మొదటిదాని సంగతి చెప్తాను. డెబియన్‌లో మామూలు యూజర్ పాత్‌లో (షెల్ కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) ఎస్‌బిన్ డైరెక్టరీలు ఉండవు. ‘ఎకో $పాత్’ (పాత్ అన్నీ పెద్ద అక్షరాల్లో) కొట్టి చూడండి, తెలిసిపోతుంది. పూర్తి పాత్ ఇవ్వండి, లేదా సుడోతో (రూట్ హక్కులతో) నడపండి.

లైబ్రరీ గొడవ వేరు. ప్రోగ్రామ్ లైబ్రరీల్ని వెతికి ఎక్కించే లోడర్ ప్రతిసారీ డైరెక్టరీలన్నీ వెతకదు, /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.క్యాష్ అనే ఫైల్ చూస్తుంది. మీరు లైబ్రరీ పెట్టాక ఆ క్యాష్‌ని ఎవరూ తాజా చేయలేదు. రూట్‌గా ‘ఎల్‌డీకాన్ఫిగ్’ ఒక్కసారి నడిపితే చాలు. డెబియన్‌లో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఎల్‌డీకాన్ఫిగ్ చూసే డైరెక్టరీల జాబితాలో ముందే ఉంటుంది. రెడ్‌హ్యాట్ తరహా సిస్టమ్‌లలో ఉండదు, అక్కడ /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీలో ఒక ఫైల్ పెట్టి అందులో ఆ పాత్ రాయాలి.

ఒక మెలిక: గీత (-) లేకుండా ఉత్త ‘ఎస్‌యూ’తో రూట్ అయితే డెబియన్ 10 నుంచి మీ పాత పాత్‌నే మోసుకొస్తుంది, అప్పుడు ఎల్‌డీకాన్ఫిగ్‌కే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ వస్తుంది. ‘ఎస్‌యూ -’ వాడండి. లైబ్రరీల్ని ముందు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని బ్యాష్‌ఆర్‌సీలో (బ్యాష్ మొదలైనప్పుడు చదివే ఫైల్‌లో) రాసేయమనే సలహా ఎక్కడైనా కనబడితే పట్టించుకోకండి. అది మీరు నడిపే ప్రతి ప్రోగ్రామ్‌కీ వర్తిస్తుంది, బాగా నడుస్తున్నవాటికి కూడా తప్పుడు వెర్షన్ తగులుకోవచ్చు.

జవాబు 2

రెండోదానికి పర్మిషన్‌తో సంబంధమే లేదు, ఆ 777 తీసేసి 755 (మార్చే హక్కు ఓనర్‌కే) పెట్టండి. పర్మిషన్ లోపమైతే ‘పర్మిషన్ డినైడ్’ అనేది.

లేనిది మీ ఫైల్ కాదు, దాని లోడర్. డైనమిక్ బైనరీ (షేర్డ్ లైబ్రరీలు వాడే ప్రోగ్రామ్) లోపల తనని ఏ లోడర్ ఎక్కించాలో దాని పాత్ రాసి ఉంటుంది. కెర్నల్ (లినక్స్ మూల భాగం) ముందు మీ ఫైల్ తెరుస్తుంది, ఆ పాత్ చదువుతుంది, అక్కడ ఏమీ లేకపోతే ‘అలాంటి ఫైల్ లేదు’ అని ఎర్రర్ తిప్పి పంపుతుంది. ఏ ఫైల్ లేదో చెప్పదు. షెల్ తనకు తెలిసిన పేరు, అంటే మీ ప్రోగ్రామ్ పేరు, దానికి తగిలించేస్తుంది. బ్యాష్ 5.2 నుంచి ‘రిక్వైర్డ్ ఫైల్ నాట్ ఫౌండ్’ అంటోంది, కాస్త నయం. డ్యాష్ షెల్ అయితే ఉత్త ‘నాట్ ఫౌండ్’ అని ఊరుకుంటుంది.

‘ఫైల్’ కమాండ్‌కి ఆ బైనరీ పేరిచ్చి, వచ్చిన లైన్‌లో ‘ఇంటర్‌ప్రెటర్’ (ఇక్కడ లోడర్ అనే అర్థం) పక్కన ఏముందో ఇక్కడ పెట్టండి. ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలు చూపే ఎల్‌డీడీని నమ్మకండి, ఇలాంటప్పుడు అది ‘నాట్ ఎ డైనమిక్ ఎక్జిక్యూటబుల్’ అని తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కడిదో తెలియని బైనరీ మీద ఎల్‌డీడీ నడపడం క్షేమం కూడా కాదు, కొన్ని సందర్భాల్లో అది ప్రోగ్రామ్‌నే నడిపేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఎల్‌డీకాన్ఫిగ్‌తో సర్వర్ లేచిందండి. రెండోదానికి ‘ఫైల్’ ఇలా అంది: ఈఎల్‌ఎఫ్ 32-బిట్, ఇంటెల్ 80386, ఇంటర్‌ప్రెటర్ /లిబ్/ఎల్‌డీ-లినక్స్.ఎస్‌ఓ.2.

జవాబు 2

అనుకున్నదే, 32-బిట్ బైనరీ. మీ కెర్నల్ దాన్ని నడపగలదు, 32-బిట్ లోడరే లేదు. రూట్‌గా వరసగా: ‘డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386’, ‘ఆప్ట్ అప్‌డేట్’, ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌సీ6:ఐ386’. మధ్యలో అప్‌డేట్ మర్చిపోతే ప్యాకేజీ దొరకదంటుంది.

జవాబు 3

ఇదే మెసేజ్ స్క్రిప్ట్‌కి వస్తే ముందు మొదటి లైన్ (స్క్రిప్ట్‌ని నడిపే ఇంటర్‌ప్రెటర్ పేరుండేది) చూడండి. విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్ అయితే ఇంటర్‌ప్రెటర్ పేరు చివర కనబడని ఒక అక్షరం అంటుకుంటుంది, ఆ పేరుతో ప్రోగ్రామ్ ఉండదు. ‘క్యాట్ -ఏ’ అని పెద్ద ఏతో కొడితే లైన్ చివర ^ఎం రూపంలో బయటపడుతుంది, డాస్2యూనిక్స్‌తో పోతుంది.

ఎక్స్ బిట్ (నడిపే పర్మిషన్) ఉన్నా, రూట్ అయినా ‘పర్మిషన్ డినైడ్’ అంటే పార్టిషన్ నోఎక్జెక్‌తో (ప్రోగ్రామ్‌లు నడపనివ్వని సెట్టింగ్‌తో) మౌంట్ అయి ఉండొచ్చు. ‘ఫైండ్‌మౌంట్ -టీ .’ చూపిస్తుంది, ఆ టీ పెద్దది. ఫైల్‌ని వేరేచోటికి కాపీ చేసి నడపండి.

ప్రశ్న అడిగినవారు

లోడర్ వచ్చింది. ఇప్పుడు లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1 లేదంటోంది. అది సిస్టమ్‌లో ఉందే?

జవాబు 2

ఉన్నది 64-బిట్‌ది, 32-బిట్ ప్రోగ్రామ్‌కి అది పనికిరాదు. ‘డీపీకేజీ -ఎస్ లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1’ కొడితే (ఎస్ పెద్దది) ప్యాకేజీ పేరు జెడ్‌లిబ్1జీ అని వస్తుంది. దాని చివర :ఐ386 తగిలించి ఇన్‌స్టాల్ చేయండి. ఇంకోటి లేదంటే దానికీ ఇదే పద్ధతి. రెండు ఆర్కిటెక్చర్ల ప్యాకేజీలూ ఒకే వెర్షన్‌లో ఉండాలి కాబట్టి ఆప్ట్ డిపెండెన్సీ గొడవ పెడితే ముందు ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ చేసి మళ్లీ ప్రయత్నించండి.