మాంటెరే బే అక్వేరియం: ఏడాది పద్దులో ఏది సంరక్షణ, ఏది ప్రదర్శన?

తీరగాలి:
కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం లాంటి పెద్ద సంస్థలు ఏటా తాము సాధించినవి చెప్పుకుంటాయి. కొత్త గ్యాలరీ, వచ్చిన జనం, సముద్ర సంరక్షణ అన్నీ ఒకే వరసలో ఉంటాయి. సముద్రంలో వచ్చిన మార్పును మాత్రమే సంరక్షణ కింద రాయాలని నా వాదన. 2004లో అక్కడ ఒక పిల్ల తెల్ల సొర ట్యాంకులో 198 రోజులు బతికింది. చూడ్డానికి జనం విరగబడ్డారు. అదే ట్యాంకులోని రెండు సూప్‌ఫిన్ సొరలను అది చంపేశాక 2005 మార్చిలో సముద్రంలో వదిలారు. 2011 వరకు మొత్తం ఆరింటిని అలా ఉంచారు. ఆఖరుది వదిలిన కొద్దిసేపటికే చనిపోయింది. దీనివల్ల సొరలకు ఒరిగిందేమిటి?

ఉప్పుటేరు:
ఒరిగింది. వదిలేటప్పుడు పెట్టిన, అవి ఎటు పోయాయో చెప్పే ట్యాగుల వల్ల పిల్ల సొరలు మెక్సికోలోని బాహా తీరం దాకా పోతాయని, అక్కడి వలల్లో పడే ప్రమాదం ఉందని తెలిసింది.

తీరగాలి:
ట్యాగు పెట్టడానికి ట్యాంకు అక్కర్లేదు కదండీ. పడవ మీద పట్టి, ట్యాగు పెట్టి, అక్కడే వదలొచ్చు.

కెల్ప్‌తోట:
సొరను పక్కన పెట్టి సముద్రపు నీటికుక్కల పని చూడండి. తల్లి నుంచి విడిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పిల్లను మనుషులు పెంచితే అది మనుషులకే మాలిమవుతుంది. అందుకే సిబ్బంది నల్లటి ముసుగు వేసుకుని, మొహానికి వెల్డింగ్ కవచం పెట్టుకుని పాలు పడతారు. కొన్ని వారాల తర్వాత, తిరిగి వదలడానికి పనికిరాని ఆడ నీటికుక్క దగ్గర చేరుస్తారు. పీతను పట్టడం, ఆల్చిప్పను రాయితో కొట్టడం, బొచ్చు దువ్వుకోవడం ఆ పెంపుడు తల్లే నేర్పాలి. వీటికి ఒంట్లో కొవ్వు పొర ఉండదు. బొచ్చు సరిగా దువ్వుకోకపోతే చల్లటి నీళ్లు చర్మానికి తగిలి చచ్చిపోతాయి. తర్వాత ఎక్కడుందో తెలియడానికి పొట్టలో రేడియో పరికరం అమర్చి ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పుకయ్యలో వదులుతారు.

2002 నుంచి 2016 వరకు వదిలినవి 37 మాత్రమే. కానీ ఆ కాలంలో అక్కడ నీటికుక్కల సంఖ్య పెరిగిన దాంట్లో సగానికి పైగా ఈ 37, వాటి సంతానం వల్లేనని 2019లో అధ్యయనం తేల్చింది. గడ్డిని శుభ్రం చేసే చిన్న జీవుల్ని తినేవి, గట్లను తొలిచేవి పీతలే. నీటికుక్కలు ఆ పీతల్ని తింటాయి కాబట్టి అక్కడి సముద్రపు గడ్డి కోలుకుంది, గట్లు కోసుకుపోవడం కూడా తగ్గింది. తీరగాలి గారూ, మీరడిగిన కొలత ఇదే కదా?

తీరగాలి:
ఇదే. దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే 841 నంబరు నీటికుక్క సంగతి కూడా అదే పేజీలో రాయాలి. దాన్ని పెంచి 2020లో వదిలారు. 2023లో శాంటాక్రూజ్ దగ్గర అది సర్ఫ్‌బోర్డులెక్కి లాక్కునే స్థాయికి వచ్చింది, పట్టబోతే చిక్కలేదు. దాని తల్లి కూడా వదిలాక మనుషులు మేత పెట్టడంతో పాడయిందే. మనుషులకు దూరంగా ఉంచడానికి ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి తప్పుతుంది. వదిలిన వాటిలో ఎన్ని పిల్లల్ని కన్నాయి, ఎన్నింటిని వెనక్కి తేవాల్సి వచ్చింది అన్న రెండు అంకెలూ పక్కపక్కనే ఉండాలి.

లోతుమడుగు:
గ్యాలరీలను చులకన చేయకండి. 2022లో తెరిచిన లోతు సముద్రపు ప్రదర్శన చూడండి. ఆ జీవులు దొరికే పొరలో ఆక్సిజన్ చాలా తక్కువ. మామూలు గాలి పట్టిన నీళ్లే వాటికి ముప్పు. కాబట్టి వాయువుల్ని మాత్రమే పోనిచ్చే పలుచటి పొరల (మెంబ్రేన్ల) గుండా నీటిని పంపి ఆక్సిజన్ లాగేయాలి. లాగినప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా పోయి పీహెచ్ పెరుగుతుంది, అంటే నీటి ఆమ్లగుణం తగ్గుతుంది; అందుకే ఆ వాయువును కొలిచి మళ్లీ కలపాలి. నీళ్లు ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా ఉండాలి. జెల్లీఫిష్‌లకు గుండ్రటి ట్యాంకే కావాలి, మూల ఉంటే అక్కడ ఇరుక్కుని చిరిగిపోతాయి. గొడుగులాంటి వాటి ఒంటి కింద ఒక్క గాలి బుడగ చేరినా చిల్లు పడుతుంది. ఇంత కష్టపడి బతికిస్తేనే అవి ఏం తింటాయో, ఎలా పుడతాయో తెలిసేది.

తీరగాలి:
అది విజ్ఞానం, గొప్ప విజ్ఞానం. ఆ శీర్షిక కిందే రాయమంటున్నాను. సంరక్షణ అనొద్దు.

భీమిలి_ఇసుక:
ఈ వాదన మన ఒడ్డుకూ వర్తిస్తుంది. ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను హేచరీలో పొదిగించి, ఇన్ని వేల పిల్లల్ని వదిలామని ప్రకటిస్తారు. చేసే పని మంచిదే, కానీ లోపలి లెక్క బయటికి రాదు. పెట్టిన కొద్ది గంటల్లోపే గుడ్లను తరలించాలి. ఆలస్యమైతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది, అప్పుడు గుడ్డు దొర్లిందంటే చచ్చిపోతుంది. గుంట సుమారు అడుగున్నర లోతు, కింద వెడల్పుగా కుండ ఆకారంలో ఉండాలి. ఇసుక మరీ వేడెక్కితే దాదాపు అన్నీ ఆడపిల్లలే పుడతాయి, అందుకే పైన నీడ వల కట్టాలి.

ఇంతా చేసి, అదే తీరాన పడవలు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలల్లో ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తుంటే ఆ అంకె ఎవరూ కలపరు. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. గుడ్లు పెట్టే కాలం మాత్రం జనవరి నుంచే. ఆ మూడున్నర నెలలూ వలలో తాబేలు తప్పించుకునే చట్రం బిగించి ఉందో లేదో రేవులోనే చూడాలి.

ఉప్పుటేరు:
అయితే హేచరీ బోర్డు మీద నాలుగు గడులు గీస్తే సరి: తెచ్చిన గుడ్లు, పొదిగిన శాతం, ఇసుక ఉష్ణోగ్రత, ఆ సీజన్లో ఒడ్డుకొచ్చిన చనిపోయిన పెద్ద తాబేళ్లు. చివరి గడిని ఖాళీగా వదలకూడదు.