రివాల్వర్ తిరిగి బిగించేటప్పుడు ఎగిరిపోయే స్ప్రింగులు: ఏది అరగదీయవచ్చు, ఏది ముట్టుకోకూడదు

ప్రశ్న: లైసెన్సు ఉన్న రూగర్ న్యూ మోడల్ బ్లాక్‌హాక్. శుభ్రం చేశాక గ్రిప్ ఫ్రేమ్ (పిడి చట్రం) ఎక్కించబోతే పాల్ (సిలిండర్‌ను తిప్పే చిన్న మీట) స్ప్రింగ్ పక్కకు వంగుతోంది, సిలిండర్ లాచ్ (సిలిండర్‌ను కదలకుండా ఆపే గొళ్లెం) ప్లంజర్, అంటే స్ప్రింగ్ నెట్టే చిన్న కడ్డీ, దాని స్ప్రింగ్‌తో సహా ఎగిరిపోతోంది. ఆ రెండు స్ప్రింగుల్లో ఒక్కో చుట్టు కత్తిరిస్తే, ప్లంజర్ కొంచెం పొట్టి చేస్తే సులువవుతుందా?

జవాబు 1: స్ప్రింగ్ కత్తిరించకండి. పాల్ స్ప్రింగ్ బలం తగ్గితే పాల్ సిలిండర్ వెనక పళ్లలోకి సమయానికి చేరదు. హ్యామర్ మెల్లగా లాగితే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, వేగంగా లాగినప్పుడు తప్పుతుంది. లాచ్ స్ప్రింగ్ నీరసపడితే లాచ్ పైకి లేచి సిలిండర్ గాడిలో పూర్తిగా కూర్చోదు. అప్పుడు గది (సిలిండర్‌లో గుండు కూర్చునే రంధ్రం) బ్యారెల్‌కు సూటిగా నిలవదు. ప్లంజర్ పొట్టి చేసినా ఫలితం అదే, ఎందుకంటే స్ప్రింగ్ నొక్కుడు ఆ మేరకు తగ్గిపోతుంది. మీకు అడ్డొస్తున్నది స్ప్రింగ్ పొడవు కాదు, అది జారిపోయే దారి. దాన్నే సరిచేయండి.

జవాబు 2: పై మాటతో ఏకీభవిస్తున్నా. ముందు గదులన్నీ ఖాళీగా ఉన్నాయని కంటితో చూడండి, వేలితో తడమండి. కళ్లద్దాలు పెట్టుకోండి. మొత్తం పని పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేస్తే ఎగిరినా దొరుకుతుంది.

మార్చదగినవి ఇవి. స్ప్రింగ్ కూర్చునే రంధ్రం మూతి దగ్గర పదునైన అంచు ఉంటే, నూనె వేసిన సన్నని రాతితో 0.2 మి.మీ. కంటే ఎక్కువ తీయకుండా కొద్దిగా వాలు చేయండి. రంధ్రం లోపలి గోడ జోలికి వెళ్లొద్దు. స్ప్రింగ్ తెగిన కొసన ముల్లులాంటి గరుకు ఉంటే అది మాత్రమే రాతికి రుద్ది తీసేయండి. ఆ గరుకే రంధ్రం గోడను పట్టుకుని స్ప్రింగ్‌ను పక్కకు తిప్పేస్తుంది. ప్లంజర్‌కు స్ప్రింగ్ వైపున్న అంచు గుండ్రం చేయవచ్చు. లాచ్‌ను తాకే కొసను మాత్రం మెరుగుపెట్టడంతో ఆపండి, ఆకారం మార్చకండి.

వీటికంటే ముందు చిక్కటి గ్రీజు చుక్క ప్రయత్నించండి. చాలాసార్లు అదే సరిపోతుంది. ప్లంజర్, స్ప్రింగ్ గ్రిప్ ఫ్రేమ్ ముందరి రంధ్రంలో అంటుకుని నిలుస్తాయి. తర్వాత ఆ గ్రీజు ఎక్కువైతే తుడవండి, చలిలో గట్టిపడి కదలికను మందగింపజేస్తుంది.

మెయిన్‌స్ప్రింగ్‌కు (హ్యామర్‌ను ముందుకు కొట్టించే పెద్ద స్ప్రింగ్) ఏ మార్పూ అక్కర్లేదు. హ్యామర్ లాగి నిలిపినప్పుడు స్ట్రట్ (ఆ స్ప్రింగ్ లోపలి కడ్డీ) కింది భాగాన చిన్న రంధ్రం బయటపడుతుంది. అందులో సన్నని పిన్ లేదా మేకు దూర్చి హ్యామర్ మెల్లగా దించితే స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది, మొత్తం సెట్టుగా బయటికి వస్తుంది. బిగించాక మళ్లీ లాగి పిన్ తీసేయాలి. మరిచిపోతే హ్యామర్ పనిచేయదు.

జవాబు 3: పనిముట్ల గురించి ఒక మాట. తిరిగే గ్రైండర్ వాడొద్దు. చిన్న భాగాల్లో చాలావాటికి గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, అది పోతే లోపలి మెత్తటి ఉక్కు త్వరగా అరిగిపోతుంది. సానరాయి చాలు. ట్రిగ్గర్ కొస, హ్యామర్ గాట్లు, పాల్ కొస, లాచ్ తల, ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడే హ్యామర్ దెబ్బను ఫైరింగ్ పిన్‌కు చేర్చే పలక) — ఈ ఐదూ బిగింపు సులువుకి ఏమాత్రం సంబంధం లేనివి. భద్రత, టైమింగ్ వీటిమీదే నడుస్తాయి కాబట్టి వాటిని తాకనే వద్దు.

గ్రిప్ ఫ్రేమ్ స్క్రూలు ఐదు. ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చండి. ఎక్కించేటప్పుడు సన్నని స్క్రూడ్రైవర్‌తో పాల్ స్ప్రింగ్ కొసను లోపలికి నొక్కి పట్టి, ఫ్రేమ్ దగ్గరికి తేవాలి. ఐదు స్క్రూలనూ ముందు రెండేసి చుట్లు మాత్రమే తిప్పి, ఆ తర్వాతే బిగించండి. ఒకదాన్ని ముందే బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవు, పైగా స్ప్రింగ్ మధ్యలో నలుగుతుంది.

ప్రశ్న (మళ్లీ): గ్రీజుతో చేశాను, ఎక్కింది. కానీ తుపాకీ నోరు పైకి చూపి హ్యామర్ లాగితే సిలిండర్ కొన్నిసార్లు తిరగడం లేదు. ట్రిగ్గర్ కూడా బద్ధకంగా వెనక్కి వస్తోంది.

జవాబు 2: రెండూ వేర్వేరు తప్పులు. మొదటిది పాల్ స్ప్రింగ్. వంగి ఫ్రేమ్ కింద నలిగి ఉంటుంది, అందుకే తుపాకీ వాలు మారితే పాల్ ముందుకు రావడం లేదు. విప్పి చూడండి, వంకర తిరిగి ఉంటే కొత్తది వేయండి, సరిచేసి వాడకండి. రెండోది ట్రిగ్గర్ స్ప్రింగ్. దానికి రెండు కాళ్లు, గ్రిప్ చెక్కలు తీస్తే కనిపిస్తాయి. ఒకటి గ్రిప్ ఫ్రేమ్‌లో అడ్డంగా ఉన్న పిన్ మీదనుంచి జారిపోయి ఉంటుంది. సన్నని కొక్కెంతో ఎత్తి మళ్లీ పిన్ మీద పెట్టండి.

జవాబు 3: సరిచేశాక ఖాళీ తుపాకీతోనే చూడండి. ఆరు గదులకూ వరుసగా, ఒకసారి నిదానంగా, ఒకసారి వేగంగా హ్యామర్ లాగండి. ప్రతిసారీ లాచ్ గాడిలో పడి సిలిండర్ కదలకుండా ఆగాలి. ట్రిగ్గర్ నొక్కి ఉంచితే ట్రాన్స్‌ఫర్ బార్ పైన ఉండాలి, వదిలితే కిందికి దిగాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా గుండ్లు పెట్టకుండా గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్లండి.